మా బాపుకు నచ్చిన చప్పుడు

బండికి బయటి ఎయిర్ ఫిల్టర్ వేయించుకోవచ్చా అని ఇప్పటికీ నన్ను అడిగే కుర్రాళ్లున్నారు. ఒకప్పుడు ఆ ముచ్చట తీర్చుకుని ఇంజను పాడుచేసుకున్నవాణ్ణని మా వీధిలో అందరికీ తెలుసు. అందుకని ఆ విషయంలో నన్నొక పెద్దమనిషి కింద లెక్కగట్టారు. వద్దని ఒక్క ముక్కలో చెప్పి పంపిస్తాను. ఎందుకు వద్దంటే దుమ్ము అంటాను, మైలేజ్ అంటాను. వాళ్లు నమ్మినట్టు తలూపి, తిన్నగా వెళ్లి వేయించుకుంటారు. అసలు సంగతి మాత్రం వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. రోడ్డు మీద నిలబడి చెప్పే సంగతి కాదది.

తెలంగాణ ఇంకా రాని రోజులు. ఊరూరా సెల్‌ఫోన్ టవర్లు లేస్తున్నాయి. కరెంటు పోయినప్పుడు ఆ టవర్లను నడిపే జనరేటర్లను చూసుకునే ఉద్యోగం నాది. గోదావరిఖనిలోని మా క్వార్టర్ నుంచి పొద్దున్నే బయలుదేరి, కమాన్‌పూర్ వైపు టవర్లన్నీ చుట్టి రావాలి. ఓపెన్‌కాస్టు గని నుంచి వచ్చే బొగ్గు లారీల వెనక పడ్డామంటే ముందున్నది మనిషో బర్రెనో ఆనవాలు పట్టలేం. తెల్ల చొక్కా అన్నది మా ఇంట్లో పెళ్లిళ్లకు తప్ప బీరువా దాటేది కాదు. ఆరేసిన బట్టలను దులిపి లోపలికి తేవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

జనరేటర్‌కూ ఎయిర్ ఫిల్టర్ ఉంటుంది. ఇంజను పీల్చే గాలిలోంచి దుమ్మును ఆపేది అదే. దాన్ని ఊడదీసి దులపడం నా ఉద్యోగంలో భాగం. దులిపినప్పుడల్లా నల్లటి పొడి రాలి నా బూట్ల మీద పడేది. ఇంత దుమ్మును రోజూ కళ్లారా చూసేవాణ్ణి, నా బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా బుద్ధి గడ్డి తింది.

ఆ బయటి ఫిల్టర్‌ను హైదరాబాద్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో చూశాను. గరాటు ఆకారం, మడతలు మడతలుగా ఎర్రటి బట్ట, చివర తళతళలాడే మూత. బండితో పాటు వచ్చే ఫిల్టర్ ఒక స్పాంజి ముక్క. సైడ్ ప్యానెల్ వెనక నల్ల డబ్బాలో ముసుగేసుకుని పడి ఉంటుంది, దాని మొహం ఎవరూ చూడరు. ఇది అలా కాదు. డబ్బా పీకేసి నేరుగా కార్బొరేటర్ మూతికి బిగించాలి, దారినపోయేవాళ్లందరికీ కనబడుతుంది. ఇంజనుకు గాలి ఎక్కువ అందుతుంది, పికప్ పెరుగుతుంది అన్నాడు అమ్మినాయన. గాలి ఎక్కువ అందుతుందన్నది అబద్ధం కాదు. మా ఊరి గాలిలో ఏముంటుందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా బస్టాండు వెనక నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు. నాకంటే వయసులో పెద్ద. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. నేను భాయ్ అంటే ఆయన తమ్మి అనేవాడు. ఆయనైనా మంచీ చెడ్డా చెప్పి ఆపి ఉంటాడనుకునేరు, అదేం లేదు. చూడగానే నాకంటే ఎక్కువ మురిసిపోయాడు. పని పక్కన పెట్టి మరీ బిగించాడు. యాక్సిలరేటర్ తిప్పగానే ఇద్దరం పళ్లన్నీ కనబడేలా నవ్వుకున్నాం. అంతకు ముందు మెత్తగా నడిచే ఇంజను గుర్రుమని లేచింది. ఇన్నాళ్లూ ఆ నల్ల డబ్బా దాచిపెట్టిన గాలి చప్పుడంతా బయటికి వచ్చింది. నిజం చెప్పాలంటే మారింది అదొక్కటే. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతకంటే ఏమీ లేదు. పెట్రోలు మాత్రం ఎక్కువ తాగడం మొదలుపెట్టింది.

ఇంటికి తీసుకొచ్చేసరికి వీధి వీధంతా నా మీద పడింది. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. మా అవ్వ చెవులు మూసుకుని బయటికి వచ్చి, ఇది బండా పిండి గిర్నీనా అని అడిగింది. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న పక్క క్వార్టర్ బావ తువ్వాలు చుట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయను, ఆయన మనవలు దీన్ని చదువుతారు.

మెచ్చుకున్నది మా బాపు ఒక్కడే. వరండాలో పేపర్ చదువుకుంటున్నవాడు తలెత్తాడు. లేచి వచ్చి బండి చుట్టూ తిరిగి, "ఇగో, గిప్పుడైంది బండి. ఇన్నొద్దులు సైకిల్ లెక్కుండె" అన్నాడు.

మెచ్చుకోవడం మా బాపు నైజం కాదు. నేను డిగ్రీ పాసైన రోజున కూడా, అయితే రేపటి నుంచి ఏం చేస్తావు అని మాత్రమే అడిగిన మనిషి. ఆ ఒక్క మాటకు నా కాళ్లు నేల మీద నిలవలేదు. అంతకు ముందైతే రోజూ నన్ను తిట్టేవాడు. దొంగలా వచ్చి వెనక నిలబడతావేంది, వచ్చినట్టు తెలియొద్దా అనేవాడు. ఫిల్టర్ వేయించాక నేను వీధి మలుపులో ఉండగానే లేచి వచ్చి గేటు తీసేవాడు. మా బాపు నా కోసం గేటు తీయడం నేను కలలో కూడా అనుకోలేదు. వీధంతా తిట్టుకోనీ, మా బాపుకు నచ్చింది, అది చాలు అనుకున్నాను. ఆ ఫిల్టర్ మంచిదా కాదా అన్న ప్రశ్న నా వరకు అక్కడితో తెగిపోయింది.

మా బాపు మాటకు మా ఇంట్లో అంత బరువు ఎందుకో చెప్పాలి. ఆయన భూగర్భ గనిలో సర్దార్. మా దగ్గర గనిని బాయి అంటారు. వయసంతా డ్రిల్లు మిషను పట్టి, మందు పేల్చే చోట పనిచేసి, ఆ తర్వాత పరీక్ష రాసి సర్దార్ అయ్యాడు. బొగ్గు తీసేశాక పైన మిగిలిన కప్పు నిలుస్తుందా కూలుతుందా అని చూసి చెప్పడం సర్దార్ పని. పొడవాటి కర్రతో కప్పును కొడతాడు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే బోలుగా మోగుతుంది. ఒక చేత్తో కొడుతూ రెండో అరచెయ్యి కప్పుకు ఆనించి, అదురు కూడా చూసుకుంటాడు. చూసి "గట్టిగున్నది" అంటే మనుషులు దాని కిందికి వెళ్లి పని మొదలుపెడతారు. అనకపోతే అడుగు వెయ్యరు. బాపు గట్టిగున్నదన్న కప్పు ఒక్కటీ ఇంతవరకు కూలలేదని ఆయనతో పనిచేసేవాళ్లు మా ఇంటికొచ్చి చెప్పేవాళ్లు. వాళ్లు ఆయన్ని కాక అని పిలిచేవాళ్లు.

ఆ అలవాటు బాయిలోనే ఆగక ఇంటిదాకా వచ్చింది. కుండ కొన్నా, తలుపు చేయించినా, పుచ్చకాయ తెచ్చినా బాపు దాని మీద కొట్టాలి. అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, గట్టిగున్నది అనాలి. అప్పుడే అది ఇంట్లోకి వచ్చేది. మా అక్క సంబంధం చూడబోయినప్పుడు వాళ్ల ఇంటి గోడను కొట్టి చూశాడని మా వియ్యంకులు ఇప్పటికీ నవ్వుకుంటారు. మేం వెక్కిరించేవాళ్లం కానీ, ఆయన చెప్పాక ఇంకొకరు నోరెత్తడం మాత్రం ఉండేది కాదు. మనుషుల ప్రాణాలు నిలబెట్టిన మాట, మన పుచ్చకాయ ఒక లెక్కా?

ఎండాకాలం వచ్చింది. కమాన్‌పూర్ దారిలో దుమ్ము మోకాలి దాకా లేస్తోంది. ఫిల్టర్ మీది ఎర్ర బట్ట నల్లబడింది. దాన్ని కడిగి, దానికోసం వేరే అమ్మే నూనె పట్టించాలని అది వచ్చిన అట్టపెట్టె మీద రాసి ఉందట, నేనెప్పుడు చదివాను గనుక. జనరేటర్ ఫిల్టర్‌ను దులిపినట్టు దీన్నీ కాలికేసి కొట్టి మళ్లీ బిగించేవాణ్ణి. మొదట సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ రావడం మొదలైంది. తర్వాత ఇంజన్ ఆయిల్ ఎక్కడికి పోతోందో తెలియకుండా తగ్గిపోయింది. ఆ తర్వాత ఇంజను లోపల ఒక కొత్త చప్పుడు. ఎవరో లోపల కూర్చుని చెంచాతో గిన్నెను కొడుతున్నట్టు కట్ కట్ కట్‌మని. ఫిల్టర్ గుర్రు కింద అది కొన్నాళ్లు దాక్కుంది. దాక్కున్నదో, నేనే వినదలుచుకోలేదో.

ఒక పొద్దున బండి స్టార్ట్ చేసి వాకిట్లో నిలబెట్టాను. ఆ చప్పుడు ఇక దాగే స్థితి దాటిపోయింది. అవ్వ వంటింట్లోంచే అరిచింది, అందులో ఏదో ఊడిపడేట్టుంది, షాపుకు తీసుకుపొమ్మని. నాకూ భయం పట్టుకుంది. బాపుకు ఆ వారం రెండో షిఫ్టు, మధ్యాహ్నం వెళ్లాలి. పేపర్ పక్కన పెట్టి, నా ముఖం చూసి, ఏందని చేత్తో అడిగాడు. ఇంజను వైపు చూపించాను.

బాపు వంగి అరచెయ్యి ఇంజను పక్కకు ఆనించాడు. రెండో చేతి మెటికలతో పెట్రోలు ట్యాంకు మీద కొట్టాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంజను అప్పటికే వేడెక్కింది, నేనైతే అంతసేపు చెయ్యి ఉంచలేను. బొగ్గు పని చేసిన చెయ్యి కదా అనుకున్నాను.

"గట్టిగున్నది. ఏం ఫికర్ లేదు, పో" అన్నాడు.

లోపల కట్ కట్‌మంటూనే ఉంది. అవ్వ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి వింటోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె ఏదో అనబోయి, ఊరుకుని, లోపలికి వెళ్లిపోయింది. నేను గేరు వేశాను. బాపు చూశాడు కదా, ఈ రకం ఫిల్టర్‌కు ఈ చప్పుడు మామూలే అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకోవడమే కాదు, నమ్మాను కూడా. ఆ రోజంతా బండి బాగానే నడిచినట్టు అనిపించింది.

మరునాడు పొద్దున కమాన్‌పూర్ దారిలో, ఒక బొగ్గు లారీని దాటి దాని ముందు పోతుండగా ఇంజను బిగుసుకుపోయింది. టక్కున ఒక శబ్దం, అంతే. వెనక చక్రం తిరగడం మానేసి రోడ్డు మీద గీసుకుంటూ పోయింది. బండి ఒకవైపు, నేనొకవైపు. వెనక లారీ బ్రేకు అరుపు నా నెత్తి మీదే వినబడింది. కళ్లు తెరిచేసరికి లారీ బంపర్ మీది దుమ్ములో ఎవరో వేలితో రాసిన అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా ఉన్నాయి. డ్రైవర్ దిగి నన్ను తిడుతూనే లేపి కూర్చోబెట్టాడు, నీళ్లు తాగించాడు. నీళ్లు సగం ఇద్దరి బట్టల మీదే పోయాయి.

గోదావరిఖని వైపు పోయే ట్రాలీ ఆటో ఒకటి ఆపి బండిని మెకానిక్ దగ్గరికి చేర్చాను. అక్కణ్ణుంచి ఇంటికి ఫోన్ చేస్తే ఎప్పట్లాగే అవ్వ ఎత్తింది. మోచెయ్యి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదని చెప్పినా ఆమె మనసు ఒప్పుకోలేదు. బాపును షేర్ ఆటో ఎక్కించి పంపింది.

ఆయన వచ్చేసరికి మెకానిక్ ఇంజను విప్పేశాడు. కార్బొరేటర్ మూతి లోపల వేలు పెట్టి తిప్పి, ఆ వేలు నా ముందు చాపాడు. చిక్కటి నల్లటి ముద్ద. రెండు వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరమంది. పిస్టన్ బయటికి తీశాడు. నున్నగా అద్దంలా ఉండాల్సింది, పైనుంచి కిందిదాకా గోళ్లతో చీరినట్టు గీతలు. రింగులు ముక్కలై ఉన్నాయి. ఇన్ని నెలలుగా ఆ దుమ్మంతా నేనే చేజేతులా ఇంజనుకు తినిపించానని కళ్లముందు కనబడుతోంది. మెకానిక్ నా వైపు చూడకుండా వేలు గుడ్డకు తుడుచుకున్నాడు, బిగించింది ఆయనే కదా.

బాపు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నా మోచెయ్యి పట్టుకుని చూశాడు. తర్వాత ఆ పిస్టన్ అందుకుని, తల వంచుకుని, బొటనవేలితో గీతలను తడుముతున్నాడు.

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు, ఎన్నో రోజుల నుంచి చప్పుడు వచ్చి ఉంటుంది, ఇంట్లో ఎవరికీ వినబడలేదా అని మెకానిక్ అడిగాడు. నిన్ననే బాపు చెయ్యి పెట్టి చూశాడనీ, గట్టిగున్నదన్నాడనీ చెప్పాను. మెకానిక్ నవ్వాడు.

"ఏం తమ్మీ, గా చప్పుడు చెవిటోనికి గూడ ఇనవడ్తది" అన్నాడు.

బాపుకు మూరెడు దూరంలో నిలబడి అన్నాడా మాట. మా బాపు పని మీద ఎవరైనా చిన్న హాస్యమాడినా ఊరుకునేవాడు కాదు. నేను భయపడి ఆయన వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు. కోపాన్ని దిగమింగుకుంటున్న మనిషిలా కూడా లేడు. తీరిగ్గా పిస్టన్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

మామూలు గొంతుతో బాపూ అన్నాను. పలకలేదు. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"బాపూ, బాయిల కప్పు కూలిందట."

మా ఊళ్లో ఆ మాట ఎవరూ ఊరికే అనరు. ఆ మాట వింటే ఎసరు పొంగుతున్నా వదిలేసి ఆడవాళ్లు బాయి గేటు దగ్గరికి పరుగెత్తుతారు. మెకానిక్ చేతిలోని పానా కింద పడింది. పక్కన చాయ్ తాగుతున్న మనుషులు గ్లాసులు పట్టుకునే లేచి నిలబడ్డారు, ఏ బాయి, ఎక్కడ అంటూ. బాయి సర్దార్ అయిన మా బాపు మాత్రం బొటనవేలితో పిస్టన్ మీది గీతను రుద్దుతూనే ఉన్నాడు.

ఏమీ లేదు, ఏమీ లేదని వాళ్లకు చేతులు ఊపాను. బాపు ముందు గొంతుక్కూర్చుని ఆయన మోకాలు పట్టుకున్నాను. ఆయన తలెత్తి చూశాడు. నా కళ్లను కాదు, నా నోటిని చూశాడు. ఎన్నాళ్ల నుంచి ఇలా నోటినే చూస్తున్నాడో, నేను ఎన్నాళ్లుగా ఆయన ముఖం సరిగ్గా చూడలేదో.

"బాపూ, నీకు ఇనవడ్త లేదా?"

ఆయన మెకానిక్‌ను చూశాడు, చాయ్ మనుషులను చూశాడు. కాదంటాడనుకున్నాను.

"తక్కువైంది" అన్నాడు. ఎప్పటి నుంచి అని అడిగితే, పొద్దు గూకినట్టు మెల్లగా పోయింది, ఎప్పుడని చెప్పాలె అన్నాడు. మెడికల్ పరీక్షలో ఎలా గట్టెక్కావంటే, పేరు పిలిస్తే లేవాలె, నా ముందటోడు లేచినంక నేను లేస్తి అన్నాడు. ఆ మాట చెబుతూ కొంచెం నవ్వబోయాడు కూడా.

"మరి కప్పు ఎట్ల చూస్తున్నవ్?"

బాపు కుడి అరచెయ్యి తెరిచి నా ముందు పెట్టాడు. "చెయ్యి ఉన్నది గద. అదురు తెలుస్తది."

ఆయన ఒళ్లోని పిస్టన్ తీసి ఆ అరచేతిలో పెట్టాను. నిన్న ఆ చెయ్యి గట్టిగున్నదన్నది దీన్నే. ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఆయన ముఖంలో జరిగింది నేను చూడకుండా ఉంటే బాగుండేది. చెయ్యి మూశాడు, తెరిచాడు. వేళ్లను ఒక్కొక్కటిగా రెండో చేత్తో నొక్కి చూసుకున్నాడు. డ్రిల్లు మిషను పట్టిన వేళ్లు. కొన్నాళ్లుగా మొద్దుబారినట్టు ఉంటున్నాయని మెల్లగా అన్నాడు, మాకు కాదు, తనకు తనే చెప్పుకున్నట్టు.

"నిన్న ఆ చప్పుడు నీకు ఇనవడ్డదా?" అని అడిగాడు.

"ఇనవడ్డది."

"మీ అవ్వకు?"

"అవ్వకు గూడ."

"మరి చెప్పరైతిరి?"

"నువ్వు గట్టిగున్నదన్నవ్ గద బాపు. ఇంక మేమేమంటం?"

బాపు లేచి నిలబడ్డాడు. స్టూలు వెనక్కి పడిపోయింది. ఆయన ముఖంలో భయం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. బాయిలోంచి శవాలను మోసుకొచ్చిన రోజున కూడా నెమ్మదిగా స్నానం చేసి అన్నం తిన్న మనిషి.

"నిన్న కొత్త జాగ చూసిన. గట్టిగున్నదని చెప్పిన" అన్నాడు. "మొదటి షిఫ్టోళ్లు గిప్పుడు గాడనే ఉన్నరు."

మెకానిక్ రిపేరుకొచ్చిన ఇంకొకరి బండి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను నడిపాను, బాపు వెనక కూర్చున్నాడు. దారిలో ఎదురొచ్చిన షేర్ ఆటోలు, సైకిళ్లు, మనుషులు ఏవీ నాకు గుర్తు లేవు. బాయి గేటు దగ్గర బండి పూర్తిగా ఆగకముందే ఆయన దిగేశాడు. మా బాపు పరుగెత్తడం నా జీవితంలో ఆ ఒక్కసారే చూశాను.

నన్ను లోపలికి పోనివ్వరు. సైకిల్ స్టాండు పక్కన నిలబడ్డాను. నిలబడితే అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి మీద పడ్డాయి. పిలిస్తే పలకకపోవడాన్ని మేం కోపమనుకున్నాం. ఫోన్ మోగితే అవ్వ చేతిలో పెట్టడాన్ని పెద్దరికమనుకున్నాం. మా కాలనీలో బాయి పని చేసిన ప్రతివాడూ అరిచే మాట్లాడతాడు, టీవీలూ అరుస్తాయి, అలాంటి చోట ఎవరికి ఎంత వినబడుతుందో ఎవరు చూడొచ్చారు? ఇక ఆ ఫిల్టర్. నా బండి చప్పుడు ఆయనకు నచ్చిందని కదా నేను వీధంతా ఎగిరింది. ఆయనకు అది నచ్చలేదు, వినబడింది. ఇంటి ముందుకు వచ్చే వాటన్నిటిలో అదొక్కటే వినబడింది. కొడుకు వచ్చే చప్పుడు మళ్లీ తెలుస్తోందని గేటు తీయడానికి వచ్చేవాడు. నేను దాన్ని పికప్‌కు దక్కిన మెప్పు అనుకున్నాను.

చాలాసేపటికి షిఫ్టు సైరన్ మోగకముందే కొందరు పైకి రావడం కనబడింది. నల్లటి ముఖాలు, నెత్తిన టోపీ దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఎవరినీ మోసుకురావడం లేదు, అందరూ వాళ్ల కాళ్ల మీద నడుస్తున్నారు. అది చూశాక అక్కడే మట్టిలో కూర్చున్నాను.

బాపు సాయంత్రం ఇంటికి వచ్చాడు. కప్పు కొట్టి చూసే కర్రను ఆఫీసులో బల్ల మీద పెట్టి, నాకు వినబడటం లేదు సార్, నేను చూసిన కప్పును నమ్మొద్దని పై అధికారికి తనే చెప్పాడట. ఇంకో సర్దార్ దిగి కొట్టి చూశాడు. బోలుగా మోగింది. మనుషులను వెనక్కి పంపి, దూరం నుంచి గడ్డపారలతో కదిలిస్తే మా వంటిల్లంత పెళ్ల ఊడి కిందపడిందట. ఆయన మళ్లీ బాయిలోకి దిగలేదు. రిటైరయ్యేదాకా పైన దీపాల గదిలో కూర్చుని, దిగేవాళ్లకు దీపాలు అందించాడు. కానీ అదంతా తర్వాతి మాట.

ఆ సాయంత్రం అవ్వ ఆయన ఎదురుగా కింద కూర్చుంది. నోరు కనబడేలా, ఒక్కొక్క మాటా విడమరిచి అడిగింది. అంత పెద్ద పెళ్ల విడిపోయి ఉంటే, దాని కింద పొద్దటి నుంచి పనిచేసినవాళ్లలో ఒక్కరికైనా తెలియలేదా, చెవులు లేవా వాళ్లకు అని.

"ఇనవడ్డదట" అన్నాడు బాపు.

గ్లాసులో నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"పైకొచ్చినంక నేనే అడిగిన. కప్పు కింద ఆసరకు దిమ్మె నిలవెడ్తుంటే తగిలి బోలుగ మోగిందట. అందరు ఇన్నరట. ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరట. కాక చూసిన కప్పు గద, మనకేమెరుక అని, దాని కిందనే కూసొని సద్ది తిన్నరట."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇంకేమన్నారు అని అక్కణ్ణుంచి అడిగినా ఆయనకు వినబడదు.

"గిదంత చెప్పినోడు తల దించుకొని చెప్పిండు" అన్నాడు బాపు. "నీ మాట మీద అనుమానపడ్డం, కాకా, ఏమనుకోకు అన్నడు."

అంటూనే ఆయనకు ఏడుపు వచ్చింది. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో ఆయనకు తెలియలేదు. వీధిలోవాళ్లందరూ తలుపులు తీసుకుని బయటికి వచ్చారు.